తాడు వదలని పిల్ల, తప్పిపోయిన అమ్మ

అనగనగా ఒక ఊరి చివర, ఇక్కడితో ఊరు అయిపోయింది, ఇటుపైన అంతా సముద్రమే అనే చోట, ఒక రెండు గదుల పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఒక తాతయ్య, ఒక అమ్మమ్మ.

అచ్చం మన ఇల్లులాంటిదే. కాని మనది కాదు. ఆ అమ్మమ్మ నాకంటే కాస్త లావు.

నవ్వకు. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

ఆ తాతయ్య బస్సు డ్రైవరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎండిపోయిన ఊళ్ళ మధ్య, ఎర్రమట్టి రోడ్ల మీద బస్సు నడిపాడు. దారిలో నీళ్ళున్న ఏరు ఒక్కటీ తగిలేది కాదు. అప్పుడే అనుకున్నాడట, రిటైరైన మర్నాడే నీళ్ళ పక్కకి పోయి కూర్చుంటానని. అన్నట్టే మంచం, పెట్టె, గిన్నెలు, అమ్మమ్మ, అన్నీ లారీ ఎక్కించి ఇక్కడికి తెచ్చేశాడు.

"అమ్మమ్మని కూడా లారీ ఎక్కించాడా?"

ముందు సీట్లోనేలే.

ఆ ఊరి పేరు సరుగుడుపాలెం. ఇల్లు దాటితే సరుగుడు తోట. తోట దాటితే పడవలు. పడవలు దాటితే సముద్రం. ఊళ్ళో అందరూ చేపలు పట్టేవాళ్ళే. వచ్చిన కొత్తల్లో తాతయ్య ఒడ్డున కూర్చుని ఊరికే చూసేవాడు. ఆ తర్వాత లేచి నిలబడి చూసేవాడు. ఆ తర్వాత పంచె ఎగ్గట్టి, వాళ్ళతో పాటు తాడు లాగడం మొదలుపెట్టాడు.

ఏ తాడంటావా? చెప్తా. ఈ కథంతా ఆ తాడుదే.

అక్కడ పెద్దవల అని ఒకటుంది. తాడు కొస ఒడ్డున ఉన్నవాళ్ళ చేతికిచ్చి పడవ సముద్రంలోకి వెళ్తుంది. వల వదులుకుంటూ పెద్ద చుట్టు తిరుగుతుంది. రెండో తాడు పట్టుకుని దూరంగా ఇంకో చోట ఒడ్డుకొస్తుంది. అప్పుడు ఇటు కొందరు, అటు కొందరు, రెండు తాళ్ళూ లాగుతారు. లాగుతూ లాగుతూ ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు కొంచెం కొంచెం జరుగుతారు. చివరికి అందరూ ఒకచోట కలుస్తారు. మధ్యలో వల. వలలో చేపలు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో వంతు. ముసలీ ముతకా అనరు, కొత్తా పాతా అనరు. కాని వల ఒడ్డెక్కేదాకా చెయ్యి తియ్యకూడదు. మధ్యలో వదిలేస్తే వంతు లేదు.

ఇది గుర్తు పెట్టుకో.

అప్పుడు చలికాలం సెలవులొచ్చాయి. ఆ తాతయ్య కూతురు పిల్లల్ని తీసుకుని రైలెక్కింది. పిల్లల నాన్నకి సెలవు దొరకలేదు. అందుకని అమ్మ ఒక్కతే, చెరో చెయ్యీ పట్టుకుని వచ్చింది. ఇటు చేతికి ఒక పిల్ల. అటు చేతికి పిల్ల తమ్ముడు, ఇంకా సరిగ్గా మాటలు రానివాడు.

"ఆ పిల్ల పేరేంటి?"

నీ పేరు పెట్టనా?

"వద్దు."

సరే, పిల్ల అందాం.

వాళ్ళుండే ఊళ్ళో చలికాలమంటే చలికాలమే. అందుకని అమ్మ పిల్లకి కొత్త స్వెట్టరు కొంది. పసుపుపచ్చది. ఎంత దూరాన ఉన్నా కనిపిస్తుందని ఆ రంగే ఏరి కొంది. సముద్రం పక్కన చలి ఎక్కడిది, అంతా ఉక్క. అయినా పొద్దున లేవగానే పిల్లకి స్వెట్టరు తొడిగి, మెడ దాకా గుండీలు పెట్టేసింది.

"చలికాలమని ఈ సముద్రానికి ఎవరు చెప్పారే? పిల్ల ఉడికిపోతోంది" అంది అమ్మమ్మ.

"గాలి ఉందమ్మా" అంది అమ్మ.

"ఆ గాలి కోసమే కదుటే రైలెక్కి వచ్చావు?"

అమ్మ స్వెట్టరు చేతులు కూడా కిందికి లాగింది. ఆ అమ్మ అంతే. తక్కువ మాట్లాడుతుంది. ఎక్కువ భయపడుతుంది.

మొదటి రోజు పిల్ల సముద్రాన్ని తోటలోంచే చూసింది. రెండో రోజు దగ్గరికెళ్ళి పాదాలు తడుపుకుంది. మూడో రోజు జరిగిందీ కథ.

ఆ పొద్దున తాతయ్య తాడు లాగడానికి వెళ్ళలేదు. పిల్లలకి కొబ్బరిబొండాలు తెస్తానని సైకిలెక్కి సంతకి పోయాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఒడ్డునున్నవాళ్ళకి తెలీదు.

అమ్మమ్మ పొయ్యి దగ్గర ఉండిపోయింది. అమ్మ పిల్లలిద్దర్నీ తీసుకుని ఒడ్డుకి వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే ఒక అల వచ్చింది. తమ్ముడు దాంట్లో చతికిలబడ్డాడు. తల మీంచి కాళ్ళ దాకా తడిసి, ఊరంతా వినబడేట్టు ఏడుపు అందుకున్నాడు.

అమ్మ చుట్టూ చూసింది. పక్కనే పెద్దవల తాడు. ఆడా మగా వరసగా తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంతమంది ఉన్న చోటు, ఇంతకంటే మంచి చోటేముంది అనుకుంది.

"ఇదిగో, ఈ తాడు దగ్గరే ఉండు. నీళ్ళలో దిగకు. వీడికి బట్టలు మార్చి ఇట్టే వచ్చేస్తా. ఈ తాడు వదిలి ఎటైనా వెళ్ళావో, చూడు మరి!"

పిల్ల తల ఊపింది.

అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్ళింది. తాడు లాగేవాళ్ళతో ఒక్క మాటా చెప్పలేదు. కొత్తవాళ్ళు కదా, ఏం మాట్లాడతాంలే అనుకుంది.

ఇంట్లో తమ్ముడు ఒక చొక్కా వద్దన్నాడు. ఇంకో చొక్కా వద్దన్నాడు. మూడో చొక్కా తొడిగితే నిక్కరు వద్దన్నాడు. ఇట్టే అన్నది చాలాసేపైంది. చివరికి వాణ్ణి అమ్మమ్మ చంకలో పడేసి, అమ్మ పరుగున ఒడ్డుకి వచ్చింది.

వచ్చి చూస్తే తాడు లేదు.

తాడు పట్టుకున్న మనుషులు లేరు.

పిల్ల లేదు.

ఉత్త ఇసక. ఇసక మీద తెల్లపిట్టలు నడుస్తున్నాయి.

"అయ్యో!"

ఊఁ అనాలి, అయ్యో కాదు. కథ బాగానే అయిపోతుంది, నేను చెప్తున్నాగా. చెయ్యి ఇలా తే.

అప్పుడు అమ్మ ఏమనుకుందంటే, వల ఒడ్డెక్కేసింది, అందరూ చేపలు పంచుకుని ఇళ్ళకి పోయారు, నా పిల్ల ఒక్కతే మిగిలిపోయింది, నన్ను వెతుక్కుంటూ ఎటో పోయింది, అనుకుంది. ఒక పక్క పడవలు అడ్డం. పడవల అవతల ఏముందో ఇక్కణ్ణించి కనపడదు. ఆవిడ అటు చూడను కూడా లేదు.

అక్కడొకావిడ వేయించిన వేరుశనక్కాయలు అమ్ముకుంటోంది. అమ్మ ఆవిణ్ణి అడిగింది.

"పసుపుపచ్చ స్వెట్టరు వేసుకున్న పిల్లని చూశావా?"

"పచ్చగా ఏదో తోటలోకి పోతుంటే చూసినానమ్మా. పిల్లో పెద్దో నాకు తెలీదు."

అమ్మ తోటలోకి పరిగెత్తింది. సరుగుడు చెట్ల సందులో పసుపుపచ్చగా కనపడింది. "ఆగవే!" అని అరిచింది. అది ఆగింది. దగ్గరికెళ్ళి చూస్తే, మేకలు కాసే ముసలాయన తలపాగా.

"ఏం పోయిందమ్మా?" అన్నాడాయన.

అమ్మ వెనక్కి తిరిగి మళ్ళీ ఒడ్డుకి పరిగెత్తింది.

అక్కడ చేపలు ఎండబెట్టుకుంటూ నూకాలు అని ఒకావిడ ఉంది. అమ్మ ఆవిణ్ణీ అడిగింది. నూకాలు వెంటనే చెప్పలేదు. చేతిలో ఉన్న చేపలు కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఓలమ్మా... అల్లదిగో, నీళ్ళలో పచ్చగా ఏదో తేలతన్నాది. నానింకా పోయి సూడనేదు" అంది.

ఇక్కడ కథ కాసేపు ఊపిరి బిగబడుతుంది. నువ్వు బిగబట్టకు. నువ్వు బాగా పీల్చుకో.

అమ్మ చూసింది. అలల్లో పసుపుపచ్చగా, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. అమ్మ చెప్పులతోనే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది. చీర కాళ్ళకి చుట్టుకుంది. అమ్మకి ఈత రాదు. ఆ సంగతి గుర్తు కూడా లేదు. చెయ్యి చాపి ఆ పసుపుపచ్చదాన్ని పట్టుకుని లాగింది.

తేలిగ్గా వచ్చేసింది.

అది ఖాళీ బియ్యం సంచి.

ఆ అమ్మ ఆ సంచిని గుండెకి పట్టుకుని, అక్కడే, ఆ నీళ్ళలోనే కూలబడిపోయింది. ఒక అల తల మీంచి పోయింది. ఇంకో అల పోయింది. మూడో అల వచ్చేలోపు నూకాలు వచ్చి రెక్క పట్టుకుని లేపింది.

"లెగమ్మా. లెగు. పిల్ల కాదు గదా? సంచే గదా? ఏడుపెందుకు, లెగు" అంటూ ఒడ్డుకి లాక్కొచ్చింది. అంటూ తనూ ఏడుస్తోంది.

సరిగ్గా అప్పుడు తడి ఇసక మీద సైకిలు తొక్కుకుంటూ తాతయ్య వచ్చాడు. వెనక సీటుకి రెండు పక్కలా కొబ్బరిబొండాలు వేలాడుతున్నాయి. పాట పాడుకుంటూ వస్తున్నాడు. అమ్మని చూసి పాట ఆపేశాడు.

"నాన్నా" అంది అమ్మ.

తాతయ్య తడిసిన చీర చూశాడు. చేతిలో సంచి చూశాడు. అమ్మ పక్కన ఖాళీగా ఉన్న చోటు చూశాడు.

"దానికేం చెప్పి వెళ్ళావు?"

"తాడు దగ్గర ఉండమన్నా. వదిలి ఎటూ వెళ్ళొద్దన్నా."

"ఏ తాడు?"

"అదే, వల తాడు."

తాతయ్య సైకిలు అలాగే వదిలేశాడు. అది పడిపోయింది. బొండాలు ఇసకలో దొర్లుకుంటూ పోయాయి.

"నా పిచ్చి తల్లీ! నువ్వు దానికి గుర్తు చూపించింది బస్టాండుని కాదే, బస్సుని!"

అమ్మ అర్థం కానట్టు చూసింది.

"ఆ తాడు ఒకచోట ఉండేది కాదమ్మా. లాగేకొద్దీ జరిగిపోతుంది. ఇవాళ నీళ్ళు అటు లాగుతున్నాయి, వలతో పాటు వీళ్ళంతా అటే పోయుంటారు, పడవల అవతలకి. వల ఇంకా ఒడ్డెక్కి ఉండదు." అని తాతయ్య ఒక్క మాట అడిగాడు. "నీ కూతురు చెప్పిన మాట వింటుందా?"

"వింటుంది."

"నిజం చెప్పు. నా కూతురు వినేది కాదు."

"నా కూతురు వింటుంది నాన్నా."

"అయితే పద!"

ఇద్దరూ పరుగు మొదలుపెట్టారు. వాళ్ళు పరిగెత్తుతూ ఉంటారు. ఈలోపల మనం పిల్ల దగ్గరికి వెళ్దాం. ఏం చేస్తోందో?

"నాకు తెలుసు."

నీకెలా తెలుసు? ఆ పిల్ల వేరే పిల్ల కదా.

"...ఊఁ."

పిల్ల తాడు దగ్గర నిలబడింది. తాడు ఒక అడుగు జరిగింది. పిల్ల కూడా ఒక అడుగు జరిగింది. తాడు ఇంకో అడుగు జరిగింది. పిల్లా ఇంకో అడుగు జరిగింది. తాడు వదిలి వెళ్ళొద్దంది కదా అమ్మ. తాడే వెళ్తుంటే తనేం చేస్తుంది? తాడుతో వెళ్ళడమే.

తాడు చివర ఎల్లాజీ అని ఒక పెద్దాయన ఉన్నాడు. బుర్రమీసాలు. నల్లటి భుజాలు. ఆయన పిల్లని చూశాడు.

"ఎవులి గుంటవే నువ్వు?"

గుంట అంటే వాళ్ళ మాటల్లో ఆడపిల్ల అని.

"తాతయ్య మనవరాల్ని."

"ఏ తాతయ్య?"

"బస్సు తాతయ్య."

"ఓహో, మా డ్రైవరు బాబు మనవరాలివా!" అని ఎల్లాజీ నవ్వాడు. డ్రైవరు బాబు ఏ పొద్దూ మానడు కదా, ఇవాళ అటు తాడు మీద ఉన్నాడు కాబోలు అనుకున్నాడు. అటు తాడువాళ్ళేమో, డ్రైవరు బాబు ఇవాళ ఇటు తాడు మీద ఉన్నాడు కాబోలు అనుకున్నారు. ఇటువాళ్ళు అటనుకుని, అటువాళ్ళు ఇటనుకుని, అందరూ నిశ్చింతగా తాడు లాగుతున్నారు.

"సూత్తా నిలబడితే వొంతు రాదు. పట్టుకో. ఒగ్గీకు!" అన్నాడు ఎల్లాజీ.

ఒగ్గీకు అంటే వదలకు అని.

పిల్ల పట్టుకుంది. అప్పుడు స్వెట్టరులో ఒళ్ళంతా చెమట పట్టేసింది. అక్కడ అందరూ నడుముకి తువ్వాలు బిగించి కట్టుకున్నారు. ఎల్లాజీ పిల్ల స్వెట్టరు విప్పించి, దాన్నే తువ్వాల్లా చుట్టి పిల్ల నడుముకి ముడేశాడు. ఇసకా, తడీ, తాడుకున్న నాచూ అంటుకుని ఆ పసుపుపచ్చ కాస్తా ఏ రంగో తెలీకుండా అయిపోయింది.

ఐలేస, ఐలేస అని అందరూ లాగుతున్నారు. పిల్ల కూడా లాగింది. మొదట చేతులు మండాయి. ఆ తర్వాత దాహమేసింది. ఎవరో సీసాతో నీళ్ళిచ్చారు. ఒక చెయ్యి తాడు మీద ఉంచి, ఒక చేత్తో తాగింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగి చూసింది. తోట చిన్నగా కనిపిస్తోంది. ఇల్లు కనపడట్లేదు. అమ్మ రావట్లేదు. తాడు వదిలేసి పరిగెత్తుదామా అనుకుంది. కాని నేను వదిలేసి పోతే, అమ్మ వచ్చి తాడు దగ్గర చూస్తుంది కదా. నేను లేకపోతే అమ్మ భయపడుతుంది కదా. అలా అనుకుని, ఏడుస్తూనే లాగింది.

ఏడ్చినట్టు ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. నాకు తెలుసులే. రెండు బుగ్గల మీదా ఇసక చారలు ఉండిపోయాయి కదా.

ఊఁ కొట్టకపోయినా పర్వాలేదు. కళ్ళు తుడుచుకో. ఇదిగో, నా కొంగు.

ఇంతలో అమ్మా తాతయ్యా పడవలు దాటారు. అదిగో గుంపు! రెండు తాళ్ళూ కలిసిపోయాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. అమ్మ గుంపులో పసుపుపచ్చ కోసం వెతికింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికింది. ఎక్కడా పసుపుపచ్చ లేదు.

అమ్మ తాతయ్య భుజం పట్టుకుంది.

అప్పుడొక గొంతు వినబడింది. ఏడుపు గొంతు కాదు. కోపం గొంతు.

"ఎక్కడికెళ్ళిపోయావమ్మా నువ్వు? ఎంతసేపట్నించి చూస్తున్నానో తెలుసా?"

చూస్తే, తాడు చివర, ఎల్లాజీ ముందు, లోపలి బనీనుతో, నడుముకి మురికి గుడ్డ చుట్టుకుని పిల్ల. రెండు చేతులా తాడు పట్టుకుని ఉంది.

అమ్మ ఒక్క అంగలో దగ్గరికి వెళ్ళింది. చెయ్యెత్తింది. కొట్టడానికే ఎత్తింది.

పిల్ల పక్కకి తప్పుకోలేదు. తప్పుకోవాలంటే తాడు వదలాలి కదా.

"ఒక్క నిమిషం ఆగమ్మా. వల వచ్చేస్తోంది. ఇప్పుడు వదిలితే వంతు ఇవ్వరు."

ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టాలో అమ్మకి తెలీలేదు. కాసేపు అలాగే గాల్లో ఉంచింది. ఆ తర్వాత మెల్లిగా దించి, పిల్ల చెయ్యి పక్కనే తాడు మీద పెట్టింది. రెండో చెయ్యీ పెట్టింది. వెనకాలే తాతయ్య వచ్చి పట్టుకున్నాడు.

ఐలేస.

ఎల్లాజీ వెనక్కి తిరిగి చూసి తెల్లబోయాడు. "డ్రైవరు బాబూ! నువ్వు అటు తాడు మీద నేవా?"

"ఇటు తాడు మీదా నేడేటి?" అన్నారు అటు తాడువాళ్ళు.

అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు వెనకే రొప్పుకుంటూ వచ్చిన నూకాలు తగులుకుంది.

"ఇటోళ్ళు అటనుకున్నారు, అటోళ్ళు ఇటనుకున్నారు! గుంటని నీ అమ్మేదని అడగడానికి ఇంతమందిలో ఒక్కడికి నోరు నేదు! మీసాలెందుకురా ఎల్లాజీ, గొరిగీ!"

ఎల్లాజీ మీసం మీద చెయ్యేసుకుని తల దించుకున్నాడు. "తప్పయిపోనాదమ్మా" అన్నాడు అమ్మతో.

అమ్మ తల అడ్డంగా ఊపింది. నేనూ మీతో చెప్పి వెళ్ళలేదు అన్నట్టు.

ఆ తర్వాత వల ఒడ్డెక్కింది. లోపలంతా తళతళ. కవళ్ళు, నెత్తళ్ళు అని చిన్న చిన్న చేపలు, నాలుగైదు పీతలు. ఎల్లాజీ వంతులు వేశాడు. తాతయ్య వంతు తాతయ్యకి. అమ్మ కూడా చివర్లో చెయ్యి వేసింది కాబట్టి అమ్మ వంతు అమ్మకి. పిల్ల వంతు అందరి వంతంత, ఒక్క చేప తక్కువ కాకుండా.

పిల్ల దగ్గర బుట్ట లేదు. నడుముకున్న స్వెట్టరు విప్పి పరిచింది. చేపలన్నీ దాంట్లో పోసుకుంది. ఒక పీత స్వెట్టరు గుండీని కొండితో పట్టుకుంది. ఎంత లాగినా వదల్లేదు.

"దానికీ ఎవరో చెప్పి ఉంటారు, ఒగ్గీకని" అంది పిల్ల.

అందరూ నవ్వారు. ఎల్లాజీ నవ్వాడు. నూకాలు నవ్వింది. తాతయ్య నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఆ తర్వాత ఇంటికొచ్చారు. అమ్మమ్మ పులుసు పెట్టింది. తమ్ముడు మూడుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. పిల్ల రెండుసార్లు తింది. అమ్మ కంచం ముందు కూర్చుని లేచిపోయింది.

సాయంత్రం దాకా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. స్వెట్టరు ఉతికింది. మళ్ళీ ఉతికింది. మూడోసారి ఉతకబోతుంటే అమ్మమ్మ చేతిలోంచి లాక్కుని దండెం మీద వేసేసింది.

"అమ్మమ్మా."

ఊఁ. ఇప్పుడు నేను ఊఁ కొడుతున్నా చూశావా?

"ఆ అమ్మకి ఆ పిల్ల మీద కోపమా?"

కాదే బంగారూ.

"మరి ఎందుకు మాట్లాడదు?"

ఇటు చూడు. ఆ పిల్ల అసలు తప్పిపోయిందా? పొద్దుటి నుంచీ ఉండమన్న చోటే ఉంది. తాడు దగ్గర. తోటలోకి ఒకసారి, నీళ్ళలోకి ఒకసారి, ఎటు పోతోందో తెలీకుండా తిరిగింది ఎవరు?

"అమ్మ."

ఆఁ. తప్పిపోయింది అమ్మ. వెతికి పట్టుకుంది పిల్ల. ఎక్కడికెళ్ళావని గట్టిగా అడిగింది కూడాను. మనిషి ఇంటికొచ్చింది, చీర మార్చుకుంది, గిన్నెలు సర్దింది. కాని లోపల ఇంకా ఆ నీళ్ళలోనే, ఆ సంచి పట్టుకునే కూర్చుని ఉంది. అక్కణ్ణించి ఇంకా ఎవరూ తెచ్చుకోలేదు.

"ఎవరు తేవాలి?"

తాడు లాగడం వచ్చినవాళ్ళు.

ఎక్కడికే లేస్తున్నావు? సరే, వెళ్ళు. మెల్లిగా, తమ్ముణ్ణి తొక్కకు. అదిగో, గడప దగ్గరే ఉందిగా, దండెం వైపు చూస్తూ. చెయ్యి అందుకో. రెండు చేతులా. ఆఁ, అలాగే. ఏం చెప్పాలి?

"ఒగ్గీకు అమ్మా."

చూశావా. ఒక్క మాటే. పొద్దుటి నుంచీ నేను ఎన్ని చెప్పినా ఇటు తిరగని మనిషి, ఎలా వచ్చేసిందో చూడు.

ఏడువు సుభా, ఆపుకోకు. ఇక్కడున్నది మనవాళ్ళే. ఏం, ఏదో అంటున్నావు? గట్టిగా అను, నాకు వినపడట్లేదు.

"దాని చేతులు చూస్తున్నానమ్మా. వర్ణికా, అరచేతులు చూపించు. మండుతున్నాయా?"

"కొంచెం."

"నాకు చెప్పవేం?"

"నువ్వు మాట్లాడట్లేదుగా."

అదీ. అడుగు. బాగా అడుగు. కొబ్బరినూనె ఆ గూట్లో ఉంది సుభా, రాయి దానికి. నీ చేతులకీ రాసుకో, నువ్వూ లాగావుగా తాడు. ఇద్దరివీ ఒకేలా కందిపోయాయి. రండి, ఇద్దరూ ఇటు రండి. నేను గోడ వైపు జరుగుతా.

స్వెట్టరు పొద్దునకి ఆరిపోతుంది. చేపల వాసన మాత్రం పోదు. పోకపోతే పోనీ. నాన్న ఆదివారం వచ్చినప్పుడు, ఇదేం కంపు అని అడుగుతాడు కదా, అప్పుడు అమ్మే చెప్తుంది కథంతా. చెప్తావా సుభా?

"చెప్తానమ్మా."

తాతయ్య రేపు మళ్ళీ తాడు దగ్గరికి వెళ్తాడట. వెళ్ళగానే, నేనిటు ఉన్నానోయ్, నా మనవరాలూ ఇటే ఉందోయ్ అని రెండు తాళ్ళకీ వినపడేట్టు అరుస్తాడట. నువ్వు వెళ్తావా? మీ అమ్మని కూడా తీసుకెళ్ళు. పక్కన నిలబెట్టుకో. కొత్త మనిషి, తప్పిపోతుంది.

ఊఁ కొట్టవేం? పడుకుందా?

సుభా, నువ్వు కూడానా? చెయ్యి వదలకుండానే పడుకున్నావా ఇద్దరూ?

సరే, పడుకోండి. మిగతాది సముద్రానికి చెప్పుకుంటా. అదైతే తెల్లవార్లూ ఊఁ కొడుతూనే ఉంటుంది.

తాడు చుట్టకి, పడవ గట్టుకి,
చేప చట్టికి, చెయ్యి చెయ్యికి,
అల సంద్రానికి, అమ్మ పిల్లకి,
కథ కంచికి, మనం... ఇంట్లోనే ఉన్నాం, అందరం ఉన్నాం, కన్ను నిద్దరకి.